పదివేల స్టీరియో, పదిళ్లకు సంగీతం

ఇంట్లోకి చవకలో ఒక స్టీరియో సెట్టు కొనుక్కోవాలనుకునే మధ్యతరగతి గృహస్థులకు ఈ సలహాలు. మధ్యలో ఒక పెట్టె, అటూ ఇటూ రెండు స్పీకర్లు, సీడీ, ఎఫ్‌ఎం, పెన్‌డ్రైవ్, బ్లూటూత్, అన్నీ కలిపి పదివేలకు అటూఇటుగా తెగే సరుకు. దీన్ని సవ్యంగా వాడితే ఏమవుతుంది? పాట బాగా వినిపిస్తుంది. అంతకుమించి ఏమీ జరగదు. పక్క ఫ్లాటు వాళ్లకు మనం కొన్న సంగతే తెలియదు. వచ్చిన చుట్టాలు గమనించరు. పదేళ్లు గడిచినా సెట్టు పాడవదు కాబట్టి కొత్తది కొనే యోగమూ పట్టదు. అలాంటి చేటు మూడకుండా ఉండాలంటే కొనే రోజు నుంచే జాగ్రత్త పడాలి.

కొనేటప్పుడు

దుకాణానికి వెళ్లేటప్పుడు చెవులు ఇంట్లో పెట్టి కళ్లు మాత్రం తీసుకెళ్లండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ అయినా, మీ ఊరి మెయిన్ రోడ్డు అయినా, అట్టపెట్టె మీది బంగారు రంగు అంకె ఎంత పెద్దదైతే సెట్టు అంత గొప్పదన్నమాట. 3,000 వాట్లు, 5,000 వాట్లు అని వేసి, పక్కన కంటికి ఆనని అక్షరాల్లో పీఎంపీఓ అని ఉంటుంది. పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్ అని దాని నిండు పేరు. దాన్ని ఎలా కొలవాలనే దానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి లేదు. రెప్పపాటు కాలానికి ఊహించగల గరిష్ఠ శక్తిని పట్టుకుని, ఉన్న స్పీకర్లన్నిటికీ లెక్కగట్టి, కూడి, ఆపైన అమ్మకాల విభాగం వారి ఉత్సాహాన్ని బట్టి హెచ్చవేసుకోవచ్చు. కొలబద్దే లేనిచోట ఎంత పొడుగైనా రాసుకోవచ్చు కదా. కంపెనీల ఈ స్వేచ్ఛను గౌరవించి అన్నిటికంటే పెద్ద అంకెనే ఇంటికి తెచ్చుకోండి.

పెట్టెను మాత్రం వెనక్కి తిప్పి చూడకండి. అక్కడ సీరియల్ నంబరు పక్కన బూడిద రంగు స్టిక్కరొకటి ఉంటుంది. 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 60 వాట్లు అనో, అలాంటిదేదో రాసి ఉంటుంది. గోడలోంచి ఆ పెట్టె లాక్కునే కరెంటు అంతే. మన ఇంట్లో ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లు, గీజరు రెండువేలు. ఆ గీజరుకే లావు పిన్నుల ప్లగ్గు, విడిగా 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. రెండున్నర గీజర్ల పెట్టు అయిన మన 5,000 వాట్ల స్టీరియోకు మాత్రం ఫోన్ ఛార్జరు గుచ్చే 6 ఆంపియర్ల సాకెట్టు చాలు. 230ని 6తో హెచ్చవేస్తే వచ్చేది 1,380, ఆ సాకెట్టు అంతకుమించి ఇవ్వలేదు. అరవై తిని అయిదువేలు ఇచ్చే యంత్రం శ్రీశైలం పవర్‌హౌస్‌లో ఉండాల్సింది, దారి తప్పి మన హాల్లోకి వచ్చింది. అదృష్టమనుకుని ఊరుకోవాలి, లెక్కలు వేయకూడదు.

కొందరు చదువుకున్నవాళ్లు ఆర్‌ఎంఎస్ వాట్లు ఎంత అని అడుగుతారు. ఆంప్లిఫయరు ఆగకుండా ఇవ్వగల అసలు శక్తి అదేనట. అడిగితే కోఠిలో ఏం జరుగుతుందో చూడండి.

"అన్నా, దీని ఆర్‌ఎంఎస్ ఎంత?"

"సార్, ముందుగాల సౌండ్ వినుండ్రి. అంకెలతోని ఏం పని?"

"మరి డబ్బా మీద అయిదువేలని ఉందిగా?"

"గది పక్కా సార్. ఫంక్షన్ హాల్‌కు సరిపోతది. మీ ఇల్లెంత, డబల్ బెడ్రూమా? ఇంక ఫికర్ లేదు."

అడిగిన అంకె తప్ప అన్నీ చెప్పాడు. నిజంగా చెప్పినా అది నలభయ్యో యాభయ్యో ఉంటుంది, అదీ తరచుగా పది శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచినది. అంటే బొంగురు గొంతుతో అరిచినప్పటి లెక్క. మన మనసు పాడవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆంప్లిఫయరు శక్తి రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్సేననీ, అది చెవికి 'కాస్త పెరిగినట్టుందే' అనిపించేంత మాత్రమేననీ, శబ్దం రెండింతలైనట్టు తోచాలంటే శక్తి పదింతలు కావాలనీ, మామూలు హాల్లో నింపాదిగా పాట వినేటప్పుడు స్పీకరుకు చేరేది ఒక వాటుకు అటూఇటుగానేననీ తెలిసినవాళ్లు, వాట్లు వదిలేసి స్పీకర్లు ఎలా ఉన్నాయో చూసుకుంటారు. చుట్టాలు వచ్చినప్పుడు వాళ్ల దగ్గర చెప్పుకోవడానికి ఏ అంకే ఉండదు, పాపం.

స్పీకరు పెట్టె మీద వేలి కణుపుతో కొట్టి చూడటం పాతకాలపు మెకానిక్కుల అలవాటు. చెక్కపెట్టె అయితే దబ్‌మని ఊరుకుంటుంది, పలచటి ప్లాస్టిక్ అయితే డబడబలాడుతుంది. మీకెందుకు? చుట్టూ నీలం, ఎరుపు లైట్లు తిరుగుతున్నాయా లేదా చూసుకోండి. ఇక వినిపించమని అడిగేటప్పుడు, మీరు వందలసార్లు విన్న పాటను పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లే తప్పు చేయకండి. తెలిసిన పాటైతే ఎక్కడ ఏ వాయిద్యం మాయమైందో ఇట్టే దొరికిపోతుంది. షాపువాళ్ల దగ్గర దీనికోసమే ఒక ట్రాకు ఉంటుంది: గుండెల మీద గుద్దే బేసు, పైన గాజులు పగిలిన చప్పుడు, మధ్యలో మనిషి గొంతన్నది లేకుండా. చవక స్పీకరు నానా అవస్థా పడేది ఆ మధ్యలోనే కాబట్టి, ఆ ట్రాకును ఎంపిక చేసినవాడి తెలివికి దండం పెట్టి డబ్బులు కట్టేయండి.

ఎక్కడ పెట్టాలి

1931లో లండన్‌లో ఈఎంఐ ఇంజనీరు అలన్ బ్లమ్లైన్ కాబోయే భార్యతో కలిసి సినిమాకు వెళ్లాడట. తెర మీద మనిషి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నా గొంతు మాత్రం ఒక్కచోటి నుంచే వస్తోందని విసుక్కున్నాడని చెబుతారు. ఆ ఏడాది డిసెంబరులోనే రెండు చానళ్ల ధ్వనికి పేటెంటు దరఖాస్తు పడేశాడు. స్టీరియో రికార్డులు బజారులోకి రావడానికి మరో పాతికేళ్లు పైనే పట్టింది, 1958 ప్రాంతంలో గాని అవి మామూలు జనానికి అందలేదు. వీణ ఎడమన, మృదంగం కుడిన, గాయకుడు నట్టనడుమ, ఎవరూ లేని చోట నిలబడి పాడుతున్నట్టు తోచే ఆ మాయ కోసం ఇంతమంది ఇన్నాళ్లు కష్టపడ్డారు.

ఈ చరిత్రనంతా మన ఇంటి షోకేసు ఒక్కటే రద్దు చేయగలదు. మధ్య పెట్టెకు చెరోపక్కన స్పీకర్లను ఆనించి, కొండపల్లి ఏనుగు అంబారీకీ, పిల్లవాడి స్కూలు షీల్డులకూ మధ్య ఇరికించి, అద్దాల తలుపులు మూసేయండి. రెండు స్పీకర్ల మధ్య జానెడు దూరం మిగులుతుంది. కుడీ ఎడమా అన్న గొడవే ఉండదు. కంపెనీవాడు మూరెడు మూరెడు వైర్లు ఇచ్చింది ఎందుకో అని సందేహం వస్తే, వాటిని చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి షోకేసు వెనక్కి తోసేయండి.

షోకేసు లేనివారికి ఇంకో మార్గం ఉంది. ఇంటావిడ కూడా వినాలి కదా అని ఒక స్పీకరును హాల్లో టీవీ పైన మేకుకు తగిలించి, రెండోదాన్ని వంటింట్లో అటక మీదకు చేర్చడం. ఇళయరాజా పాట పెట్టారనుకోండి. హాల్లో గిటారు, వంటింట్లో వయొలిన్లు. "ఏవండీ, గీతాంజలి పాటల్లో గిటారు ఎంత బాగుంటుందంటారే, నాకు ఒక్కసారీ వినపడదేం?" అని ఆవిడ అడుగుతుంది. "నువ్వనే వయొలిన్లు నేనూ ఎప్పుడూ వినలేదు" అని మీరు అంటారు. ఒకే పాట మీద భార్యాభర్తలు ఇంత నిజాయితీగా వాదించుకునే అవకాశం ఇంకే వస్తువూ ఇవ్వదు.

రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, వాటికీ మీ కుర్చీకీ అంతే దూరం ఉండాలని, మూడూ కలిపితే సమబాహు త్రిభుజం కావాలని, చిన్న స్పీకరు, అంటే ట్వీటరు, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు రావాలని చెప్పే ఛాందసులున్నారు. వాళ్లు గోడకూ స్పీకరుకూ మధ్య జానెడు రెండు జానలు వదలమంటారు. దీనికి రెండు స్టూళ్లు, కొలిచే టేపు, అరగంట సమయం తప్ప పైసా ఖర్చు కాదు. ఖర్చులేని పని వల్ల పదివేల సెట్టు పాతికవేల సెట్టు అయినట్టు వినిపిస్తే, మిగతా పదిహేనువేలు ఖర్చు పెట్టే అవకాశం పోయినట్టే కదా! స్పీకర్లను గది మూలల్లోకే నెట్టండి. మూడు తలాలు కలిసే చోట బేసు ఉబ్బిపోయి గుంయ్‌మంటుంది. దాన్ని చూసి "బేసు అదిరింది" అనేవాళ్లు తప్పకుండా దొరుకుతారు.

గది సంగతి కూడా మర్చిపోకూడదు. నేల మీద విట్రిఫైడ్ టైల్సు, నాలుగు వైపులా సిమెంటు గోడలు, ఎదురుగా గాజు టీపాయ్ ఉంటే చప్పట్లు కొట్టినా టప్‌మని తిరిగొస్తుంది. ఇదే మనకు కావలసింది. దళసరి కర్టెన్లు, పుస్తకాల అలమర, నేల మీద పరిచే జంపఖానా లాంటివి ఈ ప్రతిధ్వనిని మింగేస్తాయి. వాటిని వెంటనే అవతల గదిలోకి మార్పించండి.

వైర్లు, పాత స్పీకర్లు, కుండ

వెనక ఎరుపు, నలుపు క్లిప్పులుంటాయి. రంగులు అందం కోసం పెట్టారు. ఒక స్పీకరుకు ఎరుపులో ఎరుపు పెట్టి, రెండోదానికి తిరగేసి పెడితే ఒక కోను ముందుకు వచ్చినప్పుడు ఇంకోటి వెనక్కి పోతుంది. బేసు ఒకదాన్నొకటి తినేసుకుని పలచబడుతుంది, నట్టనడుమ నిలబడి పాడాల్సిన బాలు గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియక గదంతా తిరుగుతుంది. దీన్ని డబ్బులు పోసి సరౌండ్ సౌండ్ అని కొనుక్కునేవాళ్లున్నారు. మీకు ఉచితం. నాణ్యత లేదని ఎవరైనా అంటే మోనో పాట పెట్టి కూడా అదే ఫలితం చూపించండి. 1957 నాటి మాయాబజార్ పాటలకు రెండు చానళ్లలోనూ ఒకే ధ్వని కాబట్టి ఘంటసాల గొంతే అందరికంటే త్వరగా బోలుపోతుంది.

అటక మీద పాత టేప్‌రికార్డరు స్పీకర్లు ఉండే ఉంటాయి. అవన్నీ దించండి. ఉన్నవాటి వైర్లకే వీటినీ మెలిపెట్టి కలిపేయండి. ఆరు ఓమ్‌ల స్పీకరుకు ఇంకో ఆరు ఓమ్‌లది పక్కన కలిపితే ఆంప్లిఫయరుకు మూడే కనిపిస్తాయి, ఇంకో రెండు కలిపితే ఒకటిన్నర. నిరోధం తగ్గిన కొద్దీ లోపలి ఐసీ చిప్పు మీద భారం పెరిగి అది వేడెక్కుతుంది. వేడెక్కితే మెకానిక్ ఉండనే ఉన్నాడు. మన ఊళ్లలో ఒక తరం మెకానిక్కులు 4440 అనే ఒకే ఒక్క ఐసీ మీద సంసారాలు నెట్టుకొచ్చారు. సాన్యో వారి ఆ ఎల్‌ఏ4440 చానల్‌కు 6 వాట్లు, రెండు చానళ్లూ కలిపి బ్రిడ్జి చేస్తే 19 వాట్లు ఇచ్చేది. దానితో చేసిన అసెంబుల్డ్ సెట్ల మీద కూడా వందల వాట్లని స్టిక్కర్లు వేసిన ఘనత మనది.

కుండ విషయంలో మాత్రం ఎగతాళి చేయబుద్ధి కావడం లేదు. మట్టికుండ మూతి మీద స్పీకరును బోర్లించి గది మూలన పెట్టే అలవాటు ఎనభైలు, తొంభైలలో ఊరూరా ఉండేది. టీకొట్టులో, క్షౌరశాలలో, కుర్రాళ్ల గదుల్లో. లోపలి గాలి ఒకానొక స్వరం దగ్గర ఊగి, ఆ ఒక్క బేసు స్వరాన్ని బాగా పెద్దది చేస్తుంది. మిగతా స్వరాలకు ఆ గౌరవం దక్కదు, అందువల్ల ఏ పాటయినా ఆ ఒక్క దరువుకే కట్టుబడినట్టు ఉంటుంది. అయినా చేతిలో డబ్బులేని కుర్రాడు తనకు దొరికిన కుండతో శబ్దాన్ని పెద్దది చేసుకున్నాడు. పదివేలు పోసి షోకేసులో బిగించినవాడి కంటే అతనికి వినాలనే కోరిక ఎక్కువ. ఇది సలహా కాదు, మధ్యలో మాట. మళ్లీ దారిలోకి వస్తాను.

బేసు బటన్

సెట్టు ముందు జాజ్, రాక్, పాప్, క్లాసిక్ అని బటన్లుంటాయి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1963లో రికార్డు చేసిన సుప్రభాతానికి రాక్ నొక్కండి. హాల్, స్టేడియం అనే ఎఫెక్టులు ఉంటే అవీ కలపండి. వేంకటేశ్వరస్వామిని స్టేడియంలో నిద్రలేపినట్టు ఉంటుంది. గీతలు జరిపే ఈక్వలైజరైతే రెండు చివర్లూ పైకి, నడిమివి కిందికి. మాటలు, గాత్రం, వీణ, నాదస్వరం అన్నీ ఉండేది ఆ నడుమనే, కాబట్టి ఒక్క దెబ్బకు అందరినీ సమానంగా వెనక్కి నెట్టినట్టవుతుంది.

బేసు బూస్ట్ బటన్ అసలు ఎందుకు పుట్టిందో తెలుసుకుంటే దాన్ని వాడాల్సిన తీరు మరీ సులువు. సౌండు తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి కింది స్వరాలు సరిగా ఆనవు. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలతలు వేసి చూపించిన సంగతి ఇది. రాత్రిపూట చిన్నగా పెట్టుకుని వినేటప్పుడు ఆ లోటు పూడ్చడానికి ఆ బటన్. కనుక దాన్ని సౌండు పూర్తిగా పెంచినప్పుడే నొక్కాలి. అప్పుడు ఆంప్లిఫయరు తన తాహతుకు మించి ఇవ్వబోయి, ఇవ్వలేక, ధ్వని తరంగం నెత్తిని చదునుగా కోసేస్తుంది. అలా కోసిన చోట పుట్టే పదునైన పై స్వరాలన్నీ నేరుగా ట్వీటరుకు వెళతాయి. బొటనవేలి గోరంత గుమ్మటం, వెనక వెంట్రుకంత సన్నటి తీగచుట్ట. అది కాలిపోతే చప్పుడు కూడా రాదు, తాళాలూ గజ్జెలూ వినపడటం మానేస్తాయంతే. చాలామంది నెలల తరబడి గమనించరు. శక్తి చాలని సెట్టును గట్టిగా వాడితే స్పీకరు పోతుందనేది వినడానికి తలకిందుల మాటలా ఉంటుంది, అందుకే దాన్ని ఎవరూ నమ్మరు. మీరూ నమ్మకండి.

ఇరుగుపొరుగు

కొన్నది మనమైనా వినే హక్కు అందరిదీ. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా రాత్రి కిందే లెక్క. కాబట్టి భక్తిపాటలకు తెల్లవారుజామున నాలుగున్నర, సినిమా పాటలకు రాత్రి పదిన్నర చాలా ప్రశస్తమైన వేళలు. మార్చిలో ఇంటర్ పరీక్షలప్పుడైతే పగలు కూడా పనికొస్తుంది. కింది పోర్షన్ పిన్నిగారు మెట్లెక్కి వస్తారు.

"ఏం నాయనా, కాస్త తగ్గిస్తావా? మా మనవడికి రేపు ఫిజిక్సు."

"అయ్యో పిన్నిగారూ, మీకు వినపడుతోందా? చాలా చిన్నగానే పెట్టానండీ."

"వినపడటం కాదయ్యా, గిన్నెల స్టాండు కదులుతోంది."

ఇక్కడ చాలామంది సౌండు తగ్గించి తప్పు చేస్తారు. బేసు గోడల గుండా, స్లాబు గుండా పోతుంది, తలుపులు వేసినా ఆగదు. మొత్తం సౌండు అలాగే ఉంచి బేసు ఒక్కటి తగ్గించినా, స్పీకరు కింద దళసరి రబ్బరు ముక్క వేసినా, గోడకు కాస్త దూరం జరిపినా కింది ఇంట్లో గిన్నెలు ఊరుకుంటాయి. ఈ సంగతి పిన్నిగారికి తెలియనీయకుండా చూసుకోవాలి.

బ్లూటూత్ ఉన్న సెట్టుకు ఇరుగుపొరుగు ఇంకా దగ్గరవుతారు. చాలా చవక సెట్లు పిన్ నంబరు అడగవు, పది మీటర్ల లోపు ముందు ఎవరు కలిపితే వారిదే సెట్టు. వాడనప్పుడు కూడా బ్లూటూత్ మీదే వదిలేయండి. ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరుగుతుంటుంది. పురోహితుడు మూడో అధ్యాయం ముగించి కొబ్బరికాయ అందుకునే వేళకు, మేడ మీద కుర్రాడి ఫోన్లోంచి ఐటెం సాంగ్ వచ్చి మన రెండు స్పీకర్లలోనూ పూర్తి బేసుతో మొదలవుతుంది. రిమోట్ దొరకదు, ఎందుకంటే దాన్ని దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరుతో సహా పూజ సామాను కింద భద్రపరిచి ఉంటారు.

ఆలనాపాలనా

సీడీల వాడకం తగ్గింది కానీ ఇళ్లలో డబ్బాలు డబ్బాలుగా ఉన్నాయి. తుడవాల్సి వస్తే పంచె కొంగుతో గుండ్రంగా రుద్దండి. లోపలి నుంచి అంచు వైపు నిటారుగా తుడిస్తే పడే గీత ట్రాకుకు అడ్డంగా పడుతుంది, దాన్ని సెట్టు తనంతట తాను సరిదిద్దుకుని పాడేస్తుంది. గుండ్రంగా పడిన గీత ట్రాకు వెంటే పోతుంది కాబట్టి సరిదిద్దుకోలేక ఒకే పదం దగ్గర తిరుగుతూ ఉంటుంది. అడుగున మెరిసే వైపు 1.2 మిల్లీమీటర్ల దళసరి ప్లాస్టిక్ ఉంటుంది, అది దెబ్బలకు ఓర్చుకుంటుంది. అసలు పాట ఉన్న అల్యూమినియం పొర బొమ్మ వైపునే, లేబులు కిందనే ఉంటుంది. అందుకే ఆ వైపు బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి పేరు రాసుకోవాలి. దసరా ఆయుధపూజనాడు సీడీ ట్రేలో కుంకుమ వేయడం కొందరి ఆచారం. లెన్సు మీద కాస్త పొడి పడితే చాలు, ఆ తర్వాత ఏ సీడీ పెట్టినా 'నో డిస్క్' అని భక్తిగా చెబుతుంది.

పెన్‌డ్రైవ్‌లో రెండువేల పాటలు ఫోల్డర్లు లేకుండా పోసేయండి. చాలా చవక సెట్లు పేర్ల వరస చూడవు, కాపీ అయిన వరసలోనే పాడతాయి. కావలసిన పాట 1,437వది అయితే రిమోట్ బటన్ వేలికి వ్యాయామం. పెన్‌డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటే సెట్టు దాన్ని అసలు గుర్తించకపోవచ్చు, ఫ్యాట్32లో చేస్తే గుర్తిస్తుంది. సెట్టు పాడైందని మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లేముందు ఈ విషయం ఆలోచించకండి.

ఎఫ్‌ఎం కోసం వెనక సన్నటి తీగ వేలాడుతుంటుంది. చూడటానికి అసహ్యంగా ఉంటుంది కాబట్టి దాన్నీ చుట్టేయండి. ఎఫ్‌ఎం తరంగం పొడవు సుమారు మూడు మీటర్లు, ముప్పావు మీటరు తీగ నిటారుగా చాచి కిటికీ పక్కన అంటిస్తే హైదరాబాద్‌లో 101.9 రెయిన్‌బో, 102.8 వివిధభారతి బుసబుస లేకుండా పలుకుతాయి. అయినా బుస వస్తే మోనో బటన్ నొక్కితే చాలావరకు పోతుంది. స్టీరియో కొని మోనో నొక్కుతామా? నామోషీ.

సెట్టు మీద అల్లిక గుడ్డ, దాని మీద పూలకుండీ, అందులో నీళ్లు. వేడి బయటికి పోవడానికి చేసిన గాట్లన్నీ ఆ గుడ్డ కింద సురక్షితం. కోస్తాలో ఉన్నవారు స్పీకరు చుట్టూ ఉండే నురుగు అంచు గాలి తేమకు పొడిపొడిగా రాలేదాకా ఆగాలి, రబ్బరు అంచు స్పీకర్లు కొని తొందరపడకూడదు. తెల్లారి దీపం పెట్టినప్పుడు సాంబ్రాణి ధూపం సీడీ ట్రే వైపు పట్టించండి. స్విచ్ ఎప్పుడూ ఆపవద్దు. డిస్‌ప్లేలో 12:00 మిణుకుమంటూ ఉండాలి. ఆ గడియారాన్ని సరిచేసిన ఇల్లు మన రాష్ట్రాల్లో ఉన్నట్టు ఎవరూ చెప్పుకోరు. ఉరుములు మెరుపుల వేళ ప్లగ్గు పీకడం పిరికితనం, యాంటెన్నా తీగ మేడ మీదికి లాగి ఉంటే మరీ.

ఇక వారంటీ. బిల్లు సన్నటి థర్మల్ కాగితం మీద ఇస్తారు, ఆ అక్షరాలు కాలక్రమంలో వెలిసిపోతాయి. జిరాక్సు తీయించకుండా బీరువాలో పెట్టండి. కార్డు మీద కొన్న తేదీ, షాపు ముద్ర ఉన్నాయో లేదో ఆ రోజే చూసుకోవడం మర్యాద కాదు, షాపతను నొచ్చుకుంటాడు. చెప్పని సామాను కలిపినా, బయటి మెకానిక్ చేత విప్పించినా, వోల్టేజీ, పిడుగు, ఎలుకలు, బొద్దింకల వల్ల పాడైనా తమ పూచీ లేదని వారంటీ కార్డుల వెనక సాధారణంగా రాసే ఉంటుంది. అంటే పైన చెప్పినవాటిలో ఏ రెండు మూడు పాటించినా సర్వీస్ సెంటర్ దాకా ఆటో ఖర్చు మీకు మిగులుతుంది.